అప్‌డేట్: నెక్రాన్ల కథ రెండు రకాలుగా ఎందుకుందో తెలిసింది

వార్‌హ్యామర్ 40,000 అనే, చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటలో నా నెక్రాన్ (లోహపు శరీరాల్లో బతికే ప్రాచీన జాతి) సైన్యానికి కథ రాసుకుంటూ ఇక్కడ అడిగాను: ఒక పుస్తకంలో వాళ్లు సీటాన్ దేవుళ్లకు బానిసలు, ఇంకోదాంట్లో ఆ దేవుళ్లనే ముక్కలు చేసినవాళ్లు, ఏది నిజం అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు అచ్చయిన సంవత్సరం చూడండి" అన్న సలహాతోనే ముడి వీడింది. నా పాత సైన్య పుస్తకం (ఆటలో ఒక సైన్యం కథ, నియమాలు ఉండేది) 2002 నాటిది. 2011లో వచ్చినదాంట్లో కథే మార్చేశారు: నెక్రాన్లు తిరగబడి సీటాన్లను పగలగొట్టి, ఆ ముక్కల్ని ఆయుధాల్లా వాడుకుంటారు. నేను తప్పుగా చదవలేదు, రెండు కాలాల కథల్ని కలిపేశానంతే.

పాత కథను వదులుకోవడానికి మనసొప్పలేదు. ఆరు కోట్ల ఏళ్ల నిద్రలో చాలామంది నెక్రాన్ల జ్ఞాపకాలు చెడిపోయాయని కొత్త కథలోనే ఉంది కదా. అందుకే నా సైన్యాధిపతికి తిరుగుబాటు సంగతే గుర్తులేదు, ఇంకా దేవుళ్లనే కొలుస్తున్నాడు. సీటాన్ బొమ్మ ముందు మోకరిల్లిన ఇద్దరు యోధుల్ని అలాగే ఉంచి, మూడోవాణ్ణి మాత్రం కత్తితో మెల్లగా ఊడదీసి, దేవుడికి ఎదురుగా నిలబెట్టి అతికించాను. వాడికి అంతా గుర్తుంది. నాకైతే ఇదే చాలా నచ్చింది.

కథ మారితే బొమ్మలకు వేసిన రంగులు కూడా మార్చాలేమో అని పడిన టెన్షన్ అనవసరం. కథకీ రంగులకీ సంబంధమే లేదు.