భేకవర్ణం అంటే ఏ రంగు? చరకసంహితలో కామెర్ల శ్లోకం

అనువాదకుడు:
ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో చికిత్సాస్థానం 16వ అధ్యాయం పాండురోగానిది, అంటే ఒళ్ళు పాలిపోయే జబ్బుది. కామల, అంటే మన కామెర్ల లక్షణాలు కూడా అందులోనే వస్తాయి.

హారిద్రనేత్రః స భృశం హారిద్రత్వఙ్నఖాననః
రక్తపీతశకృన్మూత్రో భేకవర్ణో హతేన్ద్రియః

కళ్ళు, చర్మం, గోళ్ళు, ముఖం పసుపు రంగు. మలమూత్రాలు ఎర్రటి పసుపు. ఇంతవరకు ఇబ్బంది లేదు. భేకవర్ణం దగ్గరే ఆగిపోయాను. 'కప్ప రంగు' అని రాస్తే చదివేవారికి పెరట్లోని మట్టిరంగు కప్ప గుర్తొస్తుంది. 'ఆకుపచ్చ' అంటే పై పాదంలోని హారిద్రంతో, అంటే పసుపు రంగుతో పొసగదు. ఏం రాయమంటారు?

జంతుశాస్త్రం టీచరు:
బోదురుకప్పను తలుచుకోండి, కొన్నిచోట్ల గోండ్రుకప్ప అంటారు. మామూలు రోజుల్లో దాని ఒళ్ళు ముదురాకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. తొలకరి వానలు పడి నీళ్ళు నిలవగానే, జతకట్టే కాలంలో మగకప్పలు నిమ్మపండు పసుపుకు తిరుగుతాయి. గొంతు కింద రెండు తిత్తులు నీలంగా ఉబ్బుతాయి. ఆడకప్పలకు ఈ మార్పు రాదు, మగవాటికీ ఆ కాలం దాటితే ఉండదు. ఏ కప్పో శ్లోకం చెప్పడం లేదు నిజమే. కానీ చుట్టూ హారిద్రం, పీతం అన్న మాటలున్నప్పుడు ఈ దేశంలో ఉన్నవాడికి తట్టే కప్ప ఇదే.

సంస్కృతం మాస్టారు:
అమ్మా, చాలా బాగా కుదిరింది. అయితే 'వానాకాలపు బోదురుకప్ప పసుపు' అని విప్పి రాయాల్సిందే. 'పచ్చగా' అని మాత్రం వద్దు. తెలుగులో పచ్చ అటు పసుపుకూ ఇటు ఆకుకూ చెల్లుతుంది. పచ్చకామెర్లలో పచ్చ అంటే పసుపే అయినా ఈ వాక్యంలో కప్ప పక్కన పెడితే ఆకుపచ్చే అనుకుంటారు.

ఇంకొకటి, మీ వాక్యంలో 'భృశం' జారిపోయింది. అది నేత్రాల పక్కనే ఉంది. 'కళ్ళు మిక్కిలి పసుపు' అని రాసి, తర్వాతే చర్మం, గోళ్ళు, ముఖం చెప్పండి.

ఆయుర్వేద వైద్యురాలు:
మాస్టారు చెప్పిన ఆ వరసే పరీక్షలోనూ పాటించాలి. కామెర్లలో పసుపు రంగు తెచ్చే పదార్థం బిలిరుబిన్. కంటి తెల్లగుడ్డు కణజాలం దాన్ని బాగా పట్టుకుంటుంది. రక్తంలో అది మామూలుగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉంటుంది, 2.5 నుంచి 3 దాటితే గాని కంటికి ఆనదు. అందుకే కళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన కాలేయం బాగున్నట్టు కాదు.

చూసే పద్ధతి: పగటి వెలుతురులో, కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాలి. పసుపు బల్బు కింద ఏమీ తేలదు. రోగిని కిందికి చూడమని పైరెప్ప ఎత్తండి, రెప్ప చాటున ఉండే తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఎప్పుడూ ఎండ తగిలే భాగం చాలామందిలో సహజంగానే మట్టిరంగుకు తిరిగి ఉంటుంది; దాన్ని చూసి కామెర్లని పొరబడతారు. తర్వాత నాలుక ఎత్తించి అడుగుభాగం చూడాలి. క్యారెట్లు, బొప్పాయి అతిగా తినేవారికి అరచేతులు, అరికాళ్ళు పసుపెక్కుతాయి, కళ్ళు మాత్రం తెల్లగానే ఉంటాయి. ముఖం ఒక్కటే చూసి చెప్పేవారు ఇక్కడే తప్పుతారు.

మూత్రం సంగతి: బి-కాంప్లెక్స్ మాత్రలతో కూడా పసుపుగా వస్తుంది. కామెర్లలో రంగు ముదురుతుంది, నురుగు కూడా పసుపుగా ఉంటుంది.

అనువాదకుడు:
చాలా సంతోషం డాక్టరమ్మా. ముఖంలో ఫలానా చోట మచ్చ వస్తే కాలేయం, ఫలానా చోట మొటిమ వస్తే పేగులు అని పటాలు తిరుగుతున్నాయి కదా, వాటికి ఈ శ్లోకంలో ఆధారం ఉందా? హతేన్ద్రియః అన్నది ఎలా రాయాలి?

ఆయుర్వేద వైద్యురాలు:
లేదండీ. శ్లోకం ముఖాన్ని ముక్కలు చేయలేదు. కళ్ళు, చర్మం, గోళ్ళు, మలమూత్రాలతో కలిపి చూడమంది. మరో ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు కూడా దర్శన, స్పర్శన, ప్రశ్నలు, అంటే చూడటం, తాకడం, అడగడం మూడూ కావాలన్నాడు. చూపు అందులో ఒక వంతే.

హతేన్ద్రియః అంటే 'ఇంద్రియాలు మందగించినవాడు'. 'నీరసం' అని తేల్చేయకండి. దౌర్బల్యం తర్వాతి పంక్తిలో వేరుగా వస్తుంది. కామెర్ల రోగి మగతగా ఉన్నా, మాట తడబడినా, పగలు నిద్ర రాత్రి మెలకువ అయినా అప్పటికప్పుడే ఆసుపత్రిలో చేర్చాలి. కళ్ళలో పసరు పోయడం, చేతిమీద కాల్చడం రెండూ హానే. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డ ముఖం పసుపెక్కినా ఆగకూడదు.

అనువాదకుడు:
అదే అధ్యాయంలో ముందుకు వెళితే 'తిలపిష్టనిభం' అని మలం రంగు చెప్పారు. 'తెలగపిండి రంగు' అని రాశాను.

సంస్కృతం మాస్టారు:
మార్చండి బాబూ. తెలగపిండి నూనె తీశాక మిగిలే చెక్క, దాని రంగు ముదురు. తిలపిష్టం నూరిన నువ్వుల ముద్ద, పాలిపోయిన రంగు. పిత్తం దారి కఫం చేత మూసుకుపోయిందని ఆ చోటే చెప్పారు గనుక మలానికి రంగు దిగకపోవడమే అక్కడి విషయం.

ఆయుర్వేద వైద్యురాలు:
మాస్టారి మాటే సరి. పైత్యరసం పేగులోకి దిగకపోతే మలం అలాగే పాలిపోతుంది. రాళ్ళో గడ్డో అడ్డుపడ్డాయేమో స్కాన్ చేయించాలి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని పసిబిడ్డకు మలం తెల్లబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.