సమస్యాపూరణం: “గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి”

నిర్వాహకుడు: ఈ వారం పూరణకు ఇస్తున్న చివరి పాదం తేటగీతి ఛందస్సులోనిది; దానికి అర్థం కుదిరేలా ముందరి మూడు పాదాలు మీరు వ్రాయాలి. బొంతను మనిషి కప్పుకొంటాడు గాని గోడ కప్పుకోవడమేమిటన్నదే ఇందులోని చిక్కు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఏథెన్స్ అనే ఊళ్లో 1979లో మొదలై రెండేళ్లకొకసారి జరిగే ‘క్విల్ట్ నేషనల్’ అనే బొంతల ప్రదర్శనను మనసులో ఉంచుకొని దీనిని ఇస్తున్నాను. అక్కడ వేలాడే బొంతలు పడక కోసం కుట్టినవి కావు. చతురస్రాలు, త్రికోణాలు, సన్నని పట్టీలు, వంపుగీతలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయే జటిలమైన జ్యామితితో గోడ కోసమే రూపుదిద్దుకొన్నవి. అయినా పొరలూ, ఆ పొరలను పట్టి ఉంచే కుట్టూ లేనిదే అది బొంత అనిపించుకోదు. గోడ దానిని ఎందుకు కోరిందో పద్యమే చెప్పాలి. ‘కోరి కోరి’ కేవలం యతిస్థానాన్ని (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన చోటును) నింపడానికి మిగిలిపోతే పూరణ జరగనట్టే.

కొలంబస్ సభ్యురాలు:

పాలు పితికిన కొట్టమ్ము పటములకును
నిలయమై నేడు వెలుగొందె నేర్పు మీఱ
రంగుముక్కల కోణాల రచన జేసి
గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి.

ఆ ప్రదర్శన జరిగే డెయిరీ బార్న్ 1914లో అక్కడి మానసిక వైద్యశాల పాడిపశువుల కోసం కట్టిన కొట్టం. ఆవులు పోయి, కూల్చివేతను తప్పించుకొని, కళాకేంద్రంగా మారిన ఆ కట్టడాన్నే మొదటి పాదంలో చెప్పాను.

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదం చక్కగా కుదిరింది, చోటు తెలిసినవారు మాత్రమే వ్రాయగల పాదమది. రెండవ పాదంలోని ‘నేర్పు మీఱ’ ఎవరి నేర్పో తెలియక గాలిలో ఉండిపోయింది. అసలు దోషం మూడవ పాదంలో ఉంది. ‘చేసి’ అనే క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపకక్రియకూ) ప్రధానక్రియకూ కర్త ఒక్కటే కావాలి గనుక, ఇక్కడ రంగుముక్కలను రచించినది గోడే అవుతుంది. ‘రచన మెఱయ’ అంటే గణాలు చెడవు, గోడకు కత్తెర పట్టే పనీ తప్పుతుంది.

తెనాలి సభ్యుడు:

ఎండ కాసెను నిన్నటి వాన వెలిసె
తడిసి ముద్దైన దానిని దండె మీద
చోటు లేదని యిల్లాలు చూచి పఱచె
గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి.

నిర్వాహకుడు: పిట్టగోడను తెచ్చి చిక్కు విప్పిన చమత్కారం బాగుంది గాని, అయ్యా, ప్రదర్శన ఎక్కడ? పైగా మొదటి పాదంలో ‘ఎ’కు ‘వా’తో యతి చెల్లదు. ‘వాన వెలిసెను నేడెండ వచ్చె మరల’ అంటే సరిపోతుంది. అప్పుడు కూడా బొంతను పఱచినది ఇల్లాలే గాని గోడ కోరినది కాదు.

హ్యూస్టన్ సభ్యుడు:

మగని చొక్కాల చినిగిన మడత లేఱి
కన్ను దడియంగ గుట్టె నా కాంత నాడు;
నేడు చిత్రశాల తలుపు నెట్టి చూడ
గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి.

అలబామాలోని జీస్ బెండ్ పల్లె నల్లజాతి స్త్రీల బొంతలు 2002లో మా ఊరి లలితకళల మ్యూజియంలోనూ, ఆ పిమ్మట న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శితమయ్యాయి. వాటిలో మిస్సోరీ పెట్వే అనే ఆమె 1942లో, చనిపోయిన భర్త పనిబట్టలను ముక్కలు చేసి కుట్టినదే ఈ పద్యానికి ఆధారం.

నిర్వాహకుడు: తాను కప్పుకొని అతనిని తలచుకోవడానికి ఆమె కుట్టుకొన్నది ఇప్పుడు గోడపైకి చేరిందనగానే ‘కోరి కోరి’కి ప్రాణం వచ్చింది, కొంత కలవరపాటు కూడా తోడైంది. మనం ఆస్వాదిస్తున్న ఆ రేఖాగణితం ఒకరి దుఃఖంలోంచి వచ్చిందన్న ఎరుకను పద్యం వదలలేదు. విషయం కొంచెం పాతదే అయినా అంగీకరిస్తున్నాను.

వరంగల్ సభ్యురాలు: ‘చినిగిన’ అన్న మాట నాకు నచ్చలేదు. బొంత కుట్టేవారు చినిగినచోటు వదలి మిగిలినది ఏరుకొంటారు. ఎండకూ ఉతుకుకూ వెలిసిపోయిన పనిబట్టలో జేబు కుట్టిన చోటు, మడత దాగిన చోటు మాత్రం అసలు రంగుతో మిగిలి ఉంటుంది. జీస్ బెండ్ బొంతలు కొన్నింటిలో ముదురునీలపు చదరాలుగా కనిపించేవి అవే. ‘మగని చొక్కాల వెలియని మడత లేఱి’ అనవచ్చును గదా?

హ్యూస్టన్ సభ్యుడు: అమ్మా, ఆ పాదం నా పాదం కన్నా మేలైనది; పద్యంలో దానినే నిలుపుతున్నాను.

విశాఖ సభ్యుడు:

మంచమున బండి విసిగెనో, మనసు మాఱ
నిలిచె జతురస్రములతోడ నిటలమెత్తి
పఱుపు దుప్పటి విడనాడి పటముగాగ
గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి.

నిర్వాహకుడు: జడవాచకం గనుక ‘గోడ’ అన్న మాట ‘గోడను’ అనే ద్వితీయార్థంలో కూడా నిలుస్తుందని కనిపెట్టి, గోడను బొంత చేతనే కప్పించారు. సమస్యను ఇలా తలక్రిందులు చేసి విప్పడం అరుదు. అయితే మీరు చెప్పిన కథ 1971 నాటిది. ఆ ఏడు జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ అనే ఇద్దరు తాము సేకరించిన పాత బొంతలను విట్నీలో చిత్రపటాల వలె నిలువునా వేలాడదీశారు. అవి నిజంగానే మంచం విడిచి వచ్చినవి. ఏథెన్స్ బొంతలు మంచమెక్కినవే కావు గనుక వాటికి విసుగు పుట్టే అవకాశం లేదు.

వరంగల్ సభ్యురాలు:

కొలతబద్దను బడవైచి కోసె గుడ్డ;
గీత వంకర వోవ నా గీతలందె
కదలికను జూపె రంగుల గమకమట్లు;
గోడ కప్పుకొన్నది బొంత కోరి కోరి.

క్విల్ట్ నేషనల్‌ను స్థాపించినవారిలో ఒకరైన నాన్సీ క్రో, చక్రం వంటి కత్తితో, బద్ద ఆనించకుండా చేతి ఊపుతోనే గుడ్డను కోస్తారు. అందుచేత పట్టీ ఒకచోట సన్నబడుతుంది, ఒకచోట ఉబ్బుతుంది. దాని పక్కన కుట్టిన పట్టీ ఆ వంపును అనుసరించక తప్పదు.

తెనాలి సభ్యుడు: రేఖాగణితం అంటే కొలత గదా! కొలతబద్దను పారవేస్తే ‘జటిలమైన జ్యామితి’ ఎక్కడ నిలుస్తుంది?

వరంగల్ సభ్యురాలు: కుట్టులో నిలుస్తుంది. బద్ద పెట్టి కోసిన త్రికోణాలు వాటంతట అవే అమరుతాయి. చేతివాటంగా కోసిన అంచులు రెండు చేరాలంటే ఒకదానిపై ఒకటి పెట్టి ఆ రెండూ కలిసి కోయాలి, లేదా వంపు వెంబడి కొద్దికొద్దిగా సర్దుకొంటూ కుట్టాలి. ఏ అంచు తేడా వచ్చినా బొంత గోడమీద చదునుగా నిలవక ముడతపడుతుంది.

నిర్వాహకుడు: ఈ వివరణ పద్యంలోకి రాలేదు, తల్లీ. ‘కోసె’తో ఆగి ‘కుట్టె’ను వదిలేశారు. కోసినవారెవరో కూడా పద్యంలో లేదు. ‘గమకమట్లు’ మాత్రం అలాగే ఉంచండి. రెండవ పాదంలో ‘గీత’ రెండుమార్లు వచ్చింది. ఆ రెండవ ‘గీత’ స్థానంలో కుట్టును తెచ్చి, ‘గీ’కి యతి కుదిరేలా మరల వ్రాసి పంపండి.