అప్‌డేట్: రిటైర్మెంటు ముందు ఈఎల్, పింఛను కాగితాల సంగతి

విజయనగరంలో ప్రభుత్వ గుమస్తాని, నాకు 62 ఏళ్లు నిండి రిటైరవబోతున్నాను, మిగిలిన ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, అంటే సంపాదించుకున్న సెలవు) వాడేయాలా, డబ్బు చేసుకోవాలా, పింఛను కాగితాలు ఎప్పుడు పెట్టాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లకు దండాలు.

ఈఎల్ డబ్బు 300 రోజులకు మించి రాదు. నా లెక్క ఆ గీత దాటుతోంది కాబట్టి పై రోజులు పైడితల్లమ్మ సిరిమానుకి, మనవరాలి దగ్గరికి వాడేస్తున్నాను. 300 మాత్రం ముట్టుకోను. ఆ డబ్బుపై మాకు ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు.

అసలు టెన్షన్ కాగితాలది. సర్వీస్ రిజిస్టర్ (నా ఉద్యోగ వివరాలుండే పుస్తకం) తీయిస్తే, పాత పోస్టింగులో సరెండర్ చేసి డబ్బు తీసుకున్న సెలవు లీవ్ అకౌంటులో తగ్గించనేలేదు. పైగా మా ఆవిడ పేరు రిజిస్టర్లో 'పైడమ్మ', ఆధార్లో 'పైడితల్లి'. ఇవి చివరి నెలలో బయటపడితే పింఛను ఆగిపోయేది. రెండూ సరిచేయించి, జాయింట్ ఫొటో అంటించి, ఫైలు ఇప్పుడే కదిలించాను. ఫొటోలో ఆవిడ నవ్వలేదు, అదో గొడవ.

కమ్యుటేషన్, అంటే పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి డబ్బుగా తీసుకోవడం, 40 శాతం వరకు చేసుకోవచ్చు. అయితే ఆ మేరకు నెలనెలా పింఛను తగ్గుతుంది. అప్పుల్లేవు కాబట్టి తక్కువే తీసుకుందామంటోంది ఆవిడ. పిల్లాడు మొత్తం తీసుకోమంటున్నాడు. ఇంకా తేలలేదు.