'అతిశుద్ధ ఆహారం' అంటే ప్రసాదమా?

సభ్యులకు నమస్కారం. పెద్దపేగు క్యాన్సర్ మీద ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. 'అల్ట్రా ప్రాసెస్డ్ ఫుడ్' దగ్గర బండి ఆగింది. ఫుడ్ ప్రాసెసింగ్‌ని 'ఆహార శుద్ధి' అంటున్నారు కదా అని 'అతిశుద్ధ ఆహారం' అని రాశాను. మా అమ్మ చదివి, "అంత శుద్ధమైనది తింటే క్యాన్సర్ ఎందుకొస్తుందే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏమనాలంటారు?

పెసరట్టు: అమ్మగారు పట్టుకున్నారు చూడండి! శుద్ధి అంటే మలినం తీసెయ్యడం. వేమన భాండశుద్ధి అన్నా, మనం నీటిశుద్ధి అన్నా, చమురుశుద్ధి అన్నా పోయేది చెడే. ఇక్కడ తిరగేసి జరుగుతోంది. గింజలో పీచు పోతుంది. చక్కెర, నూనె, రంగు, వాసన వచ్చి కూర్చుంటాయి.

రైతుబిడ్డ: మరి విత్తనశుద్ధి? అందులో మందు కలుపుతామే గానీ ఏమీ తియ్యం. శుద్ధికి ఆ అర్థం కూడా ఎప్పుడో వచ్చేసిందండీ.

పెసరట్టు: నిజమే సార్. కాకపోతే శుద్ధి చేసిన విత్తనం ఎవరూ తినరు :)

గిర్నిపిండి: మా దిక్కు దంచుడు, చెరుగుడు, జల్లించుడు, ఇసురుడు, ఊరవెట్టుడు అని పనికో మాట ఉన్నది. ఇవన్ని ప్రాసెసింగే గదా? గట్లయితే ఆవకాయ గూడ అల్ట్రానేనా?

పీచుమిఠాయి: కాదండీ. నేను పోషకాహారం పాఠాలు చెబుతాను, కాస్త పెద్ద వ్యాఖ్యే పెడుతున్నా. బ్రెజిల్‌లో సావో పౌలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మోంటేరో, ఆహారంలో ఏముందన్నదానికన్నా దాన్ని ఎలా తయారుచేశారన్నదే ముఖ్యమనే వాదం 2009లో మొదలుపెట్టారు. ఆయన బృందం చేసిన నోవా వర్గీకరణలో నాలుగు గుంపులు. బియ్యం, పాలు, కూరగాయలు మొదటిది. నూనె, ఉప్పు, బెల్లం రెండోది. ఈ రెండూ కలిపి చేసే ఊరగాయలాంటివి మూడోది. నాలుగోదే అల్ట్రా. అట్ట మీద చిన్నక్షరాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్, ఎమల్సిఫయర్ అని, ఏ వంటింటి డబ్బాలోనూ దొరకని పేర్లుంటాయే, అవి. కాబట్టి 'అతి' కూడా దారి తప్పిస్తుంది. ఎక్కువసార్లు దంచారా, తక్కువసార్లు దంచారా అన్నది కాదు లెక్క.

లావెక్కడం సంగతికొస్తే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి, రెండు వారాలు ఈ అల్ట్రా తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు వైపులా సరిచూశారు. ఎంత తినాలన్నది వాళ్ళ ఇష్టం. ఈ తిండి పెట్టినప్పుడు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలో పెరిగారు. రెండోది తిన్నప్పుడు అంతే తగ్గారు.

క్యాన్సర్ దగ్గర మాత్రం మాట జాగ్రత్త. 2022లో అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆహారపు లెక్కలు చూస్తే, ఈ తిండి బాగా ఎక్కువ తినే మగవాళ్ళలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు 29 శాతం ఎక్కువ కనిపించింది. ఆడవాళ్ళలో మొత్తం మీద అలా తేలలేదు. కరపత్రంలో 'వస్తుంది' అనకండి, 'ముప్పు ఎక్కువ' అనండి. ఊబకాయం వల్లా ఆ ముప్పు పెరుగుతుంది గనక ఏది ఎంతన్నది విడదీయడం తేలిక కాదు.

తాటిముంజ: 'ప్యాకెట్ తిండి' అనేస్తే పోలా?

పెసరట్టు: కందిపప్పూ ప్యాకెట్‌లోనే వస్తోంది తల్లీ. 'చిరుతిండి' అందామంటే జంతికలు అలుగుతాయి. నా ఓటు 'కార్ఖానా వంటకం'.

గిర్నిపిండి: కార్ఖానా అంటె మా అవ్వకు గూడ సమజైతది.

మళ్ళీ నేనే. 'కార్ఖానా తిండి' అని మార్చి, కింద కూల్‌డ్రింకులు, ఇన్‌స్టంట్ నూడుల్స్, క్రీమ్ బిస్కెట్లు అని రాశాను. అమ్మ చదివింది. ఈసారి ప్రశ్న: "మరి బ్రెడ్డు?"

పీచుమిఠాయి: పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ మాత్రమే అయితే మూడో గుంపు. అమ్మగారిని అట్ట తిప్పి చదవమనండి.