రెట్టింపు కాలం నడిచిన మిక్సీ, సగం రీసైకిల్ చేసిన మిక్సీ ఒకటేనా?

ప్రశ్న అడిగినవారు:
వస్తువులో వాడిన సరుకు ఎంతవరకు మళ్లీ వాడకంలోకి వస్తోందో, అంటే దాని సర్క్యులారిటీని కొలవడానికి ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే బ్రిటన్ సంస్థ 2015లో ఒక సూచిక తెచ్చింది. అంతా కొత్త సరుకుతో చేసి, చివరికి అంతా చెత్తలో పడేసే మిక్సీ సగటు కాలమే పనిచేస్తే మార్కు ఒకటికి 0.1. రెట్టింపు కాలం పనిచేస్తే 0.55. సగటు కాలమే నడిచినా, సగం పాత సరుకుతో తయారై, చివర్లో సగం రీసైక్లింగ్‌కు వెళ్తే, తరుగు లేదనుకుంటే, దానికీ 0.55.

నాకిది సబబే. మా మిక్సీకి పద్నాలుగేళ్లు. జార్ కింద కప్లర్ మూడుసార్లు అరిగింది, కార్బన్ బ్రష్‌లు రెండుసార్లు మార్చాం. మోటారు అదే.

పాత సామాను కొనే వ్యాపారి:
నేను ఒప్పుకోనండీ. కాటా మీద పెడితే రాగి ఎంతో, అల్యూమినియం ఎంతో తేలిపోతుంది, చీటీ ఉంటుంది. ఆయుష్షుకి కాటా ఏది? కంపెనీ పదేళ్లంటే పదేళ్లు రాసుకోవాలా?

ప్రశ్న అడిగినవారు:
కంపెనీ మాట మీద వదిలేస్తే మీరన్నదే జరుగుతుంది, నిజమే. కానీ కాటాకి నా మిక్సీ పద్నాలుగేళ్లు నడిచిందో, రెండేళ్లకే మూలపడిందో తెలియదు. రెండిట్లోనూ రాగి అంతే. ఫ్రాన్స్‌లో 2021 నుంచి లాప్‌టాప్‌ల మీద రిపేరు మార్కు పదికి ఎంతో వేస్తున్నారు. విప్పడం ఎంత తేలికో, స్పేర్లు దొరుకుతాయో లేదో, వాటి ధరెంతో అందులో చూస్తారు. ఇవి బయటివాళ్లు కూడా సరిచూడగలిగేవే.

ఇంకొకరు:
పాత ఫ్రిజ్ ఇరవై ఏళ్లు లాగితే కరెంటు సంగతేంటి? ఈ సూచిక చూసేది సరుకునే. కరెంటు తాగే వస్తువులకి ఆయుష్షు మార్కు ఒక్కటే చూపిస్తే జనం మోసపోతారు.

వైండింగ్ షాపు నడిపేవారు:
ఫ్రిజ్ విషయంలో మీరన్నది సరైనదే. మిక్సీ రోజుకి పది నిమిషాలు తిరిగేది, దానికి ఆ లెక్క వర్తించదు. నా దగ్గరికొచ్చే వాటిలో కాలిపోయిన వైండింగ్ నేను మళ్లీ చుట్టగలను. ఆ మోడల్ కప్లర్ బజార్లో దొరకకపోతే మాత్రం నా చేతిలో ఏమీ లేదు, మంచి మోటారుతో సహా స్క్రాప్‌కే పోతుంది. మా షాపుల్లో వస్తువు వయసూ, ఏ స్పేర్ దొరక్క ఆగిపోయిందో రాసి పెట్టించండి. అన్నా, మీరడిగిన కాటా అదే.