మామయ్య గారి సంవత్సరీకానికి సంస్మరణ పుస్తకం: మెడల్స్, సర్వీసు వివరాలు ఎలా సరిచూసుకోవాలి?

గూడెం_కోడలు:
మా మామయ్య గారు సైన్యంలో వాహనాలు, ఆయుధాలు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేరి హవల్దార్‌గా రిటైరయ్యారు. సర్వీసు 1963 నుంచి 1984 దాకా. వచ్చే నెల సంవత్సరీకం. బంధువులకు పంచడానికి 16 పేజీల పుస్తకం వేయిద్దామనుకుంటున్నాం. డిశ్చార్జి బుక్కు, అత్తయ్య గారు దాచిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, మనీఆర్డర్ కూపన్లు ఉన్నాయి. మెడల్స్ ఏడు: పూర్వీ స్టార్, రక్షా, సంగ్రామ్, సైన్య సేవా, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవం, 20 ఏళ్ల సర్వీసుది, 9 ఏళ్ల సర్వీసుది. "1965, 1971 యుద్ధాల్లో పోరాడారు" అని బావగారు రాసిచ్చారు. అలాగే వేసెయ్యొచ్చా? ఫ్రేములో మెడల్స్ వరుస ఏమిటి? ఇంటి మనిషిగా ఆయన గురించి "కుటుంబం కోసమే బతికారు" అన్న వాక్యం దాటి ముందుకు పోవడం లేదు.

పాత_సుబేదార్:
అలాగే వేయకండమ్మా. రక్షా మెడల్ 1965లో సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చింది. ఆ ఏడాది యుద్ధ ప్రాంతంలో పనిచేసినవాళ్లకు వచ్చేది సమర్ సేవా స్టార్. అది మీ జాబితాలో లేదు. 1971 సంగతి వేరు. సంగ్రామ్ మెడల్ 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 మధ్య సర్వీసులో ఉన్నవాళ్లందరిదీ. దాన్ని చూపించి యుద్ధం చేశారని చెప్పలేం. కానీ పూర్వీ స్టార్ ఉందంటే తూర్పు రంగంలో ఉన్నట్టే. కాబట్టి "1965 యుద్ధ కాలంలో సర్వీసులో ఉన్నారు, 1971లో తూర్పు రంగంలో పనిచేశారు" అని రాయండి. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. ట్యాంకులూ ట్రక్కులూ కదలాలంటే మెకానిక్కు కావాలి. ఈ మెడల్స్‌లో ఏదీ శౌర్య పతకం కాదు, "సాహసానికి బహుమతి" అన్న మాట ఎక్కడా పడనివ్వకండి.

సైన్య సేవా మెడల్ రిబ్బను మీద ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది, క్లాస్ప్ అంటారు. దాని మీద ప్రాంతం పేరు ఉంటుంది. అది చదివితే ఎక్కడ పనిచేశారో తెలుస్తుంది.

ఫ్రేములో వరుస మీరు పైన రాసినదే. చూసేవారి ఎడమ వైపు పూర్వీ స్టార్‌తో మొదలుపెట్టి, కుడి చివర 9 ఏళ్ల మెడల్‌తో ముగించాలి. బ్రాసో పెట్టి తోమకండి. మెడల్ అంచున నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, పాలిష్‌తో ముందు అరిగేవి అవే. ఆ ర్యాంకు మెడల్ ఇచ్చేనాటిది. అందుకే ఒకదాని మీద క్రాఫ్ట్స్‌మన్ (ఈఎంఈలో సిపాయి స్థాయి ర్యాంకు) అని, ఇంకోదాని మీద నాయక్ అని ఉన్నా కంగారు పడక్కర్లేదు.

ఇంకోటి. ఇంట్లోవాళ్లు "ఫిరంగుల రెజిమెంట్‌లో ఉండేవారు" అంటే అదీ నిజమే కావచ్చు. ఈఎంఈ వాళ్లను ఎల్ఏడీ అనే చిన్న రిపేరు దళాలుగా వేరే రెజిమెంట్లకు జతచేస్తారు.

రికార్డుల_రమణ:
పోస్టింగుల వివరాలు సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్ దగ్గర ఉంటాయి. అత్తయ్య గారి పేరుతోనే దరఖాస్తు పెట్టించండి. ఆర్మీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు రాసి, మరణ ధ్రువపత్రం, ఆవిడ గుర్తింపు కార్డు కాపీలు జతచేయాలి. ఏయే యూనిట్లలో పనిచేశారు, ఏ మెడల్స్ వచ్చాయి, పెళ్లి, పిల్లల పుట్టుకలను రికార్డుల్లో నమోదు చేసిన పార్ట్ టూ ఆర్డర్లు అని విడివిడిగా అడగండి. "పూర్తి వివరాలు ఇవ్వండి" అంటే ఒక్క లైను జవాబు వస్తుంది. ఆర్టీఐ కింద అడగాలంటే ఫీజు 10 రూపాయలు. పెన్షన్ లేకుండా బయటికొచ్చిన వాళ్ల కాగితాలైతే 25 ఏళ్లకు తీసేస్తారు, లాంగ్ రోల్ అనే రిజిస్టరులో ఉన్న ముఖ్య వివరాలే మిగులుతాయి. మీకు ఆ బాధ లేదు.

పుట్టిన తేదీ డిశ్చార్జి బుక్కులో ఒకటి, జాతకంలో ఇంకొకటి ఉండటం ఆ తరంలో మామూలే. పుస్తకంలో ఒకటే వేయండి.

కాగితం_పురుగు:
ఇంటి మనిషి సంగతి ఆ మనీఆర్డర్ కూపన్లలోనే ఉంది. అడుగున ఉండే ఖాళీలో రెండు మూడు మాటలు రాసే వీలుండేది: "ఫీజు కట్టు", "బియ్యం తీసుకో", ఇలాంటివి. కూపన్లను తేదీల వరుసలో పేర్చి, ఏ నెల ఎంత, ఎందుకు అని ఒక పేజీ పట్టిక వేయండి. పొగడ్త అక్కర్లేదు.

ఉత్తరాలకు రాసిన తేదీ లేకపోతే ముద్ర చూడండి. చిరునామాలో 56 ఏపీఓ (ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం) ఉంటే ఢిల్లీ మీదుగా, 99 ఏపీఓ ఉంటే కోల్‌కతా మీదుగా నడిచిన తపాలా. 1971 చివరి ఉత్తరాల మీద 99 ఉంటే పూర్వీ స్టార్‌కు అదే సాక్ష్యం.

ఉత్తరాలు 300, ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయండి. లామినేషన్ వద్దు, సెల్లో టేపు అసలే వద్దు. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి.

గూడెం_కోడలు:
చాలా థాంక్స్ అండి. రికార్డ్స్ నుంచి జవాబు ఈలోపు రాకపోతే? కవరు మీద జాతీయ జెండా మీద ఫొటో పెట్టి పేరు వేద్దామంటున్నారు, ఫర్వాలేదా?

పాత_సుబేదార్:
జెండా మీద అక్షరాలు వేయకూడదు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. యూనిఫాం ఫొటో ఒక్కటీ చాలు. పేరు "హవల్దార్ ఫలానా, రిటైర్డ్" అని వేయండి, "రిటైర్డ్ హవల్దార్" అని కాదు. "అమరవీరుడు" అని కూడా వద్దు, కీర్తిశేషులు సరిపోతుంది. జవాబు రాకపోతే డిశ్చార్జి బుక్కులో ఉన్నంతవరకే వేసి, యూనిట్ల పేజీని తర్వాత విడి కాగితంగా అచ్చేసి పంచండి.

కాగితం_పురుగు:
డీటీపీ సంగతి కూడా చూసుకోండి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగును డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. మార్చాక కాగితం మీద ప్రింటు తీయించి, పేర్లూ ఊర్లూ అత్తయ్య గారికి వినిపించి సరిచూడండి. పేజీలు పెంచాల్సి వస్తే 20, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి నాలుగు చొప్పునే పెరగాలి.