చీమలకు మందు కొడితే చెట్టు చచ్చిపోతుందా?

ఒంగోలుగిత్త:
కోస్టారికాలో లైబీరియాలో ఉంటున్నాం (ఆఫ్రికా దేశం కాదు, గ్వానకాస్తె ప్రాంతంలో ఒక ఊరు). అద్దె ఇంటి వెనక కంచె పక్కన తుమ్మలాంటి చెట్టొకటి ఉంది. ఆకు అచ్చం మన తుమ్మాకే. ముళ్లే వేరు. జంటలు జంటలుగా, మొదట్లో ఉబ్బి, ఎద్దు కొమ్ముల్లా ఉన్నాయి. మా ఒంగోలు ఎద్దువి పొట్టి కొమ్ములు, ఇవి మైసూరు ఎడ్ల కొమ్ములు. ఫోటో తీసి నాన్నకి పంపుదామని కొమ్మ వంచాను. అంతే. సన్నగా పొడుగ్గా ఉన్న చీమలు చొక్కా చేతిలోకి దూరి ఆరేడు చోట్ల కుట్టాయి. కందిరీగ కుట్టినట్టే ఉంది, సాయంత్రం దాకా మంట.

ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. అందుకని మా అమ్మ పద్ధతిలో పంచదారలో బోరిక్ పౌడర్ కలిపి చెట్టు మొదట్లో పెట్టాను. వంటింటి నల్ల చీమలన్నీ వచ్చాయి కానీ ఇవి అటువైపు చూడలేదు. తోటపని చేసే పెద్దాయన్ని స్ప్రే కొట్టమంటే తల అడ్డంగా ఊపాడు. నా అరకొర స్పానిష్‌కి అర్థమైంది ఇదీ: దాన్ని కోర్నిసుయెలో అంటారు, చీమలు పోతే చెట్టూ పోతుంది. నిజమేనా, లేక మన చింతచెట్టు దయ్యం లాంటి మాటా?

మామిడితోట:
మా తోటలో ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్లు కడతాయి. కాయ కోసేటప్పుడు మాకూ ఇదే పూజ. కానీ చీమలు పోయాయని మామిడిచెట్టు చచ్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముళ్లకంప:
పెద్దాయన చెప్పింది నిజమే అండీ. మీకు దగ్గర్లోనే ఉన్న పాలో వెర్దే పార్కులో ఒక ఎండాకాలం ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేశాను. ఈ చెట్టు ముళ్లు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. ఎన్నిసార్లు కుట్టించుకున్నానో మాత్రం లెక్కపెట్టలేదు.

మామిడి మీద చీమలు ఆకులు కలిపి తమ ఇల్లు తామే కట్టుకుంటాయి. ఇక్కడ చెట్టే ఇల్లు కట్టి, భోజనం కూడా పెడుతుంది. ముల్లు పచ్చిగా ఉన్నప్పుడే కొత్త రాణి వచ్చి, కొన దగ్గర చిన్న కన్నం పెట్టి, లోపలి గుజ్జు తవ్వేసి గుడ్లు పెడుతుంది. ఈసారి ముల్లు కొన గమనించండి, ఆ కన్నం కనిపిస్తుంది (దూరం నుంచే చూడండి). ఆకు కాడ మొదట్లో తేనె బుడిపెలు ఉంటాయి. లేత ఆకుల చివర్లలో పసుపురంగు గింజల్లాంటివి ఉంటాయి, వాటిలో మాంసకృత్తులూ కొవ్వూ. చీమలు అవి తెంపుకెళ్లి పిల్లలకి పెడతాయి. నికరాగువాలో బంగారు గని ఇంజనీరుగా ఉన్న థామస్ బెల్ట్ ఇదంతా చూసి 1874లోనే రాశాడు. ఆ గింజలకి ఆయన పేరే పెట్టారు.

ఇక మీ ప్రశ్న. 1960లలో డాన్ జాన్‌జెన్ అనే కుర్ర పరిశోధకుడు మెక్సికోలో, వెరాక్రూజ్ ప్రాంతంలో, కొన్ని చెట్లకి చీమల్ని తీసేసి, కొన్నిటికి ఉంచి చూశాడు. తీసేసిన వాటి చిగుళ్లు పురుగులు తినేశాయి, తీగలు మీద పడి కప్పేశాయి, చాలా చెట్లు చచ్చిపోయాయి. అక్కడిది మీ చెట్టుకి అక్కాచెల్లెళ్ల వరస జాతి, కథ ఒకటే. మామూలు ముళ్లచెట్లలో చాలావాటికి ఆకుల్లో చేదు విషాలుంటాయి. ఇలా చీమల్ని పెంచుకునే చెట్లలో అవి దాదాపు ఉండవు. కాపలా మనుషులున్నారని తలుపులు పీకేసినట్టు. అందుకే కాపలా పోతే చెట్టుకి దిక్కుండదు.

ఒంగోలుగిత్త:
చాలా థ్యాంక్స్ అండీ. చెట్టు చుట్టూ గడ్డి మొలవకుండా గుండ్రంగా నేల కనిపిస్తుంటే పెద్దాయన శుభ్రం చేశాడనుకున్నా. మరి పంచదార ఎందుకు ముట్టలేదు?

ముళ్లకంప:
ఆ నేల పని కూడా చీమలదే. మొక్కలు మొలిస్తే కొరికేస్తాయి. ఎండాకాలం మంటలు వచ్చినా చెట్టు దాకా రాకుండా అది పనికొస్తుంది.

పంచదార సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటిది, ఇవి చెట్టు వదిలి తిండికి తిరిగే రకం కాదు. రెండోది, మెక్సికో చీమల జాతి మీద తేలిన విషయం: ఎదిగిన చీమలు మామూలు పంచదారని అరిగించుకోలేవు. అందుకు కావాల్సిన ఎంజైమ్ వాటి కడుపులో పనిచేయదు. చెట్టు తన తేనెలో పంచదారని ముందే విడగొట్టి ఇస్తుంది. అదే తేనెలో ఉన్న ఇంకో ప్రొటీన్ చీమ సొంత ఎంజైమ్‌ని ఆపేస్తుందని 2014లో బయటపెట్టారు. చీమ పెద్దదై మొదటిసారి తాగిన తేనెతోనే ఈ పని జరిగిపోతుంది. ఇక బయట తిండి పడదు. పొత్తు అంటారు గానీ, నాకైతే ఇది అప్పులిచ్చి పాలేరుని కట్టేసుకున్న ఆసామి లెక్కే కనిపిస్తుంది. నా ప్రొఫెసర్‌కి ఈ పోలిక నచ్చలేదు.

పాపకి మాత్రం జాగ్రత్త. కొమ్మ తగిలితే చాలు, రాత్రయినా వస్తాయి, అవి కాపలా ఆపవు. కుడితే ఐస్ పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

కొడగుకాఫీ:
మన పశ్చిమ కనుమల్లోనూ ఇలాంటి మొక్క ఉంది, హంబోల్టియా. కొన్నిటికి కొమ్మలు బోలుగా ఉబ్బి ఉంటాయి. లోపల చీమలుంటాయి, ఒక్కోసారి వానపాము కూడా! చెట్టెక్కిన వానపాముని మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు.

ఒంగోలుగిత్త:
మందు మానేశాను. పాప ఉయ్యాల ఇంటి ముందుకి మార్చి, చెట్టు చుట్టూ పెద్దాయన చేత కర్రలు పాతించాను. ఫోటో కూడా దూరం నుంచి జూమ్ చేసి తీసి నాన్నకి పంపాను. ‘మేకలు తింటాయా?’ అని అడిగారు.

ముళ్లకంప:
ఒక్కసారి మూతి పెడతాయని చెప్పండి.